రాగమంటని కౌపీనం : భగవాన్ శ్రీ రమణ మహర్షి చరిత్ర





జీర్ణోద్ధరణ పూర్తిచేసుకొని మహాకుంభాభిషేకానికి సిద్ధమైన మన దేవాలయం పక్షాన వెలువడుతున్న ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యనిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఆగమ విషయమో, ప్రతిష్ఠావిధానమో వ్రాస్తానని వారు తలచి ఉంటారు. అవి నాకంటె పెద్దలు వ్రాస్తున్నారు. నేను మాత్రం భగవాన్ శ్రీ రమణ మహర్షి చరిత్రను, అందులోనూ వైరాగ్యమనే ఒక్క అంశాన్ని పట్టుకొని మనవి చేయదలచాను. గుడి కట్టుకొనే వేళ కౌపీనధారి ప్రసక్తి ఎందుకని మీరు అడగవచ్చు. ఆ కౌపీనధారి తన సన్నిధిలో పది సంవత్సరాలు ఒక రాతిగుడి లేస్తుంటే చూసి, దాని కుంభాభిషేకంలో స్వయంగా కూర్చున్న మహనీయుడు. అది ఒక కారణం. రెండవ కారణం నా స్వంతం, చివర చెబుతాను.

వైరాగ్యమన్న మాటను మన ఇళ్ళలో చాలా తేలికగా వాడుకుంటాము. కాటి నుండి ఇల్లు చేరేవరకు ఉండేది శ్మశాన వైరాగ్యం. పురాణం వింటున్నంతసేపు ఉండేది పురాణ వైరాగ్యం. ప్రసవవేదనలో కలిగి బిడ్డ ముఖం చూడగానే పోయేది ప్రసూతి వైరాగ్యం. వ్యాపారంలో దెబ్బతిన్నవాడు నాలుగు రోజులు గడ్డం పెంచుకొని మూలన కూర్చుంటే, పాపం, వానికి వైరాగ్యం వచ్చిందంటాము. ఇవన్నీ విసుగుకు పెట్టిన పేర్లు. వేదపాఠశాలలో మా గురువుగారు ఈ మాటను ధాతువు దగ్గర నుండి విడదీసి చెప్పేవారు. రంజ్ ధాతువుకు రంగు పట్టడమని అర్థం. దాని నుండి వచ్చిన రాగమన్న మాటకు రంగు అనీ, ఎరుపు అనీ, ఆసక్తి అనీ మూడర్థాలూ ఉన్నాయి. బట్ట నీలిమందులో మునిగి రంగెక్కినట్లు మనస్సు విషయంలో మునిగి రంగెక్కడమే రాగం. ఆ రంగు పట్టకుండా ఉండటం విరాగం. బట్టను పారవేయమని ఆ మాటలో ఎక్కడా లేదు.

గుడి కట్టిన పెద్దలకు ఈ సంగతి తెలుసు. ఈసారి ఆలయానికి వచ్చినప్పుడు గమనించండి. గోపురం మీద ఎన్ని రంగులు, ఎన్ని బొమ్మలు! మంటపంలోకి వస్తే రంగులు తగ్గి శిల్పం మిగులుతుంది. అంతరాళం దాటి గర్భాలయంలో చూస్తే నాలుగు వైపులా ఏ చెక్కడమూ లేని రాతిగోడ, ఒక దీపం. స్థపతికి చేతకాక ఆ గోడలు వదిలివేయలేదు. అర్చకునికి ఇంకొక భాగ్యం ఉన్నది. మీరు దర్శించేది అలంకారమైన తరువాతి మూర్తిని. తెల్లవారుజామున నిర్మాల్యం తీసి, పట్టువస్త్రం మడిచి, ఆభరణాలు పెట్టెలో ఉంచిన తరువాత ఏమీ లేని రాతి స్వామి ఎదుట మేము కొంచెంసేపు ఒంటరిగా నిలబడతాము. రమణుల పటం మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ వేళే గుర్తుకు వచ్చింది. 1946లో వెల్లింగ్ అనే ఛాయాచిత్రకారుడు తీసిన ఆ పటం మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. దానిలో సింహాసనం లేదు, పట్టుశాలువా లేదు. అసలు రమణులు కాషాయం కూడా ధరించలేదు. కాషాయమూ ఒక రంగే కదా.

ఇక చరిత్రకు వస్తాను.

మదురైకి దక్షిణాన ఉన్న తిరుచ్చుళి అనే గ్రామంలో సుందరమయ్యరు, అళగమ్మాళ్ దంపతులకు 1879 డిసెంబరు 30వ తేదీన ఆర్ద్రాదర్శన పర్వవేళ ఆయన జన్మించారు. పెట్టిన పేరు వేంకటరామన్. 1892లో తండ్రి గతించగా అన్నగారైన నాగస్వామితో కలిసి మదురైలో పినతండ్రి ఇంట పెరిగారు. చదువులో పెద్ద ఆసక్తి ఉండేది కాదు. ఆటలు, కుస్తీ, గాఢనిద్ర. 1896 జూలై నెలలో ఒకనాడు ఆ ఇంటి మేడమీద ఒంటరిగా కూర్చుని ఉండగా ఏ జబ్బూ లేకుండానే మరణభయం కమ్ముకున్నది. పదహారేళ్ళ బాలుడు. ఎవరినీ పిలువలేదు. శవంవలె చేతులు కాళ్ళు బిగించి, ఊపిరి బంధించి పడుకొని, దేహం పోతే పోనిదేదో లోపల వెతికి చూసుకొన్నాడు. ఆ కొద్దిసేపటితో ఆయన వెతుకులాట ముగిసింది. తరువాతి యాభై నాలుగు సంవత్సరాలలో దానికి కొత్తగా కలిసినదేమీ లేదని ఆయన చరిత్రకారులందరూ వ్రాశారు.

అదే సంవత్సరం ఆగస్టు 29వ తేదీన ఇల్లు విడిచిన సంగతి మీకు తెలిసినదే. అయినా ఆ రోజు వ్రాసి పెట్టిన చీటీ దగ్గర నన్ను కొంచెం ఆగనివ్వండి. అన్నగారి కళాశాల రుసుము కట్టడానికి ఐదు రూపాయలు చేతికి వచ్చాయి. పాత భూగోళ పటం చూసి, తిరువణ్ణామలైకి దగ్గరి స్టేషను తిండివనమని అంచనా వేసి, ప్రయాణానికి మూడు రూపాయలు చాలునని లెక్క కట్టారు. ఆ పటం పాతది కావడంవల్ల తిరువణ్ణామలై మీదుగా పడిన కొత్త రైలుదారి అందులో లేదు. మూడు రూపాయలు మాత్రమే తీసుకొని మిగిలిన రెండు రూపాయలను చీటీతోపాటు అక్కడే ఉంచారు. తండ్రి ఆజ్ఞపై ఆయనను వెదుకుతూ వెళుతున్నట్లు, దుఃఖించవద్దని, వెతకడానికి డబ్బు ఖర్చు చేయవద్దని, రుసుము ఇంకా కట్టలేదని ఆ చీటీ సారాంశం. ఇంటిలోని వారు తరువాత గమనించిన విశేషం మరొకటి ఉన్నది. మొదటి వాక్యంలో నేను అని వ్రాసినవాడు తరువాతి వాక్యంలో తననే ఇది అని వ్రాశాడు. చివర సంతకం ఉండవలసిన చోట పేరే లేదు. ఒక అడ్డగీత ఉన్నది.

ఆ గీతను బుద్ధిపూర్వకంగా గీశాడో లేదో మనం చెప్పలేము. లెక్క అప్పజెప్పి, అప్పు ఉంచుకోక, కట్టని రుసుము సంగతి కూడా మరువక వ్రాసినవాడు పేరును మాత్రం మరచిపోయాడని నేను అనుకోను.

దారిలో డబ్బు చాలక నడవవలసి వచ్చింది. కీళూరులో ముత్తుకృష్ణ భాగవతారు అనే గృహస్థు ఆదరించి భోజనం పెట్టారు. చెవిపోగులు ఆయన వద్ద కుదువపెట్టి నాలుగు రూపాయలు తీసుకొని, ఆ పోగులు విడిపించుకొనడానికి ఇచ్చిన చిరునామా కాగితాన్ని ఆ వెంటనే చించి పారవేశారు. 1896 సెప్టెంబరు 1వ తేదీ ఉదయం అరుణాచలం చేరారు. అరుణాచలేశ్వరుని ఆలయ ద్వారాలన్నీ తెరచి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. నేరుగా గర్భాలయానికి వెళ్ళి వచ్చానని స్వామికి విన్నవించుకొని బయటకు వచ్చారు.

బయటకు వచ్చిన తరువాత అయ్యంకుళం కోనేటి వద్ద జరిగినది చూడండి. క్షౌరం చేయించుకొన్నారు. భాగవతారు ఇంటివారు ఇచ్చిన మిఠాయి పొట్లాన్ని, మిగిలిన మూడు రూపాయల పైచిలుకును, జంధ్యాన్ని నీటిలో విసర్జించారు. కట్టిన పంచె చించి కౌపీనంగా పెట్టుకొన్నారు. క్షౌరమైన తరువాత స్నానం విధి. ఈ దేహానికి అంతమాత్రం సుఖం కూడా ఎందుకని స్నానం చేయకుండానే గుడివైపు నడిచారు. అంతలో చిన్న వాన కురిసి తడిపివేసింది. యజ్ఞోపవీతం విడవడానికి శాస్త్రంలో ఒక క్రమం ఉన్నది. గురువు, ప్రైషోచ్చారణ, విరజాహోమం ఉన్నాయి. అవేవీ అక్కడ జరగలేదు. చాలా సంవత్సరాలు నాకు ఈ ఘట్టం మింగుడు పడలేదని దాచకుండా ఒప్పుకొంటున్నాను. తరువాతి కాలంలో ఆశ్రమం విషయమై నడిచిన ఒక దావాలో ఆయన వాంగ్మూలం తీసుకొన్నప్పుడు మీరు ఏ ఆశ్రమమని అడిగారు. బ్రహ్మచర్యాది నాలుగు ఆశ్రమాలకూ అతీతమైన అత్యాశ్రమినని సమాధానం ఇచ్చారు. ఆ మాట శ్వేతాశ్వతరోపనిషత్తులో ఉన్నది. దానిని వల్లెవేసిన నేను అది ఎవరికి చెల్లుతుందో ఆలోచించినవాణ్ణి కాను.

వేయిస్తంభాల మంటపం, పాతాళలింగం, గురుమూర్తం, పవళక్కున్రు. ఆ తరువాత 1899 నుండి 1916 వరకు విరూపాక్ష గుహ, అటుపిమ్మట స్కందాశ్రమం. ఆ తపస్సును వర్ణించే శక్తి నాకు లేదు, స్థలమూ లేదు. మన తెలుగువారి సంబంధం మాత్రం చెప్పక తప్పదు. విజయనగరం సీమలోని కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని 1907 నవంబరులో గుహకు వచ్చి శరణుజొచ్చి, బ్రాహ్మణస్వామి అని లోకం పిలుస్తున్న ఆ యువకునికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అన్న నామధేయాన్ని ప్రకటించారు. తన పేరు తాను వ్రాసుకోని వానికి పేరు పెట్టినది మన ఆంధ్రుడు. రమణులు తెలుగు నేర్చుకొని తమ ఉపదేశసారాన్ని తెలుగులోనూ రచించారు.

వైరాగ్యమంటే ప్రేమ ఎండిపోవటమని భావించేవారికి తల్లిగారి వృత్తాంతం చెప్పాలి. 1898 చివర అళగమ్మాళ్ పవళక్కున్రుకు వచ్చి, జడలు కట్టి మాసిన కుమారుణ్ణి చూసి ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడ్చింది. ఆయన మాట్లాడలేదు. చూసినవారు ప్రాధేయపడి కాగితం, కలం ఇస్తే ప్రారబ్ధానుసారం కర్త నడిపిస్తాడని, మౌనమే ఉత్తమమని వ్రాసి ఇచ్చారు. ఆ కాగితంలో నేను లేదు, నువ్వు లేదు, అమ్మ అన్న పిలుపూ లేదు. చదివితే కఠినంగానే తోస్తుంది. ఆ తల్లి మనసు తలచుకొంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయితే 1914లో ఆమె దర్శనానికి వచ్చి విషజ్వరంతో పడిపోతే, తనకోసం ఏనాడూ ఏదీ కోరనివాడు ఆమె స్వస్థత కోరి అరుణాచలుని ప్రార్థిస్తూ పద్యాలు చెప్పారు. 1916లో ఆమె శాశ్వతంగా కుమారుని వద్దకు చేరింది. 1922 మే 19వ తేదీన, ఆమె చివరి దినాన, పగలంతా ప్రక్కన కూర్చుని ఒక చేయి హృదయం మీద, ఒక చేయి శిరస్సు మీద ఉంచి ప్రాణం అణగేవరకు లేవలేదు. ఆహారం ముట్టలేదు.

కొండ దిగువ పాలితీర్థం వద్ద ఆమెను సమాధి చేసి, దానిపై శివలింగం నిలిపారు. మాతృభూతేశ్వరుడని పేరు. కొద్ది నెలలకు రమణులు కూడా అక్కడికే దిగి వచ్చారు. ఒక పూరిపాకతో మొదలైనదే నేటి రమణాశ్రమం.

దాతలూ, పనివారూ శ్రద్ధగా చదవవలసిన భాగం ఇక్కడ మొదలవుతుంది. వైరాగ్యమూర్తి గనుక కట్టడాల జోలికి పోక కళ్ళు మూసుకొని కూర్చున్నారని తలచవద్దు. తెల్లవారుజామున వంటశాలలో కూరలు తరిగారు, విస్తళ్ళు కుట్టారు, అచ్చుప్రతులు దిద్దారు, పుస్తకాలకు అట్టలు వేశారు. వచ్చిన ఉత్తరాలలో ఖాళీగా ఉన్న కాగితపు ముక్కను కత్తిరించి దాచి మళ్ళీ వాడుకొన్నారు. ఒకప్పుడు కౌపీనం చిరిగితే ఎవరినీ అడగకుండా ముల్లును సూదిగా చేసి, ఆ గుడ్డలోనుండే దారం లాగి కుట్టుకొన్నారు. అదే చేతితో గోశాలకు, ఇతర కట్టడాలకు చిన్న చీటీల మీద నమూనాలు గీసి, పని చూస్తున్న అణ్ణామలై స్వామికి ఇచ్చేవారు. రాయి ఎక్కడ పడాలో, గోడ ఎంత ఉండాలో స్వయంగా చెప్పేవారు. పని విషయంలో అంత పట్టింపు. కాని ఆ పనికోసం ఎవరినీ డబ్బు అడగరాదని కట్టడి చేశారు. అడగకుండా వచ్చినదానితోనే కట్టాలి. చందాల పుస్తకం పట్టుకొని మీ ఇళ్ళకు వచ్చిన మా వంటివారికి ఈ నియమం కొంత సిగ్గు కలిగించక మానదు.

తల్లి సమాధిపై రాతిగుడి కట్టాలన్నది తమ్ముడూ ఆశ్రమ సర్వాధికారీ అయిన నిరంజనానందస్వామి సంకల్పం. 1939 సెప్టెంబరు 1వ తేదీన శంకుస్థాపన జరిగింది. నలభై మూడేళ్ళ క్రితం రమణులు అరుణాచలం చేరిన తేదీ అదే. రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభమైన రోజు కూడా అదే కావడం దైవఘటన. ధనం అడపాదడపా వచ్చింది, పని పది సంవత్సరాలు సాగింది. ఈ శంకుస్థాపనకు ముందే, 1938లో, ఆశ్రమ నిర్వహణ కోసం ఒక వీలునామా వ్రాయవలసి వచ్చింది. దావాలు వచ్చిన తరువాత అది తప్పలేదు. ఆ దస్తావేజును విని ఆమోదించారు. సంతకం చేయవలసిన చోట వచ్చింది. పదహారేళ్ళ వయస్సులో మదురైలో చేసినదే యాభై ఎనిమిదేళ్ళ వయస్సులో మళ్ళీ చేశారు. పేరు లేదు, ఒక గీత.

చట్టం దానికి సాక్షులను చూసి చెల్లుబాటు చేసింది. వైరాగ్యమున్నది గనుక దస్తావేజే వద్దని ఆయన అనలేదు. గుడి, గోవులు, వంటశాల తన తరువాత నడవాలి; దానికి కాగితం కావాలి. కాగితం కావాలంటే సమ్మతి కావాలి. సమ్మతి ఇచ్చారు. పేరు మాత్రం ఇవ్వలేదు.

మాతృభూతేశ్వరాలయ గర్భగుడిలో లింగంతోపాటు శ్రీచక్రమేరువును ప్రతిష్ఠించారు. శ్రీవిద్యోపాసకులు ఈ మాటను ఇంకా బాగా వివరించగలరు. నాకు తెలిసినంతలో చెబుతాను. శివాత్మకాలు నాలుగు, శక్త్యాత్మకాలు ఐదు, మొత్తం తొమ్మిది త్రికోణాలు ఒకదానినొకటి ఖండించుకొంటే నలభై మూడు త్రికోణాలు ఏర్పడతాయి. వాటి నడుమ ఒక బిందువు. ముఖం లేదు, కరచరణాలు లేవు, కిరీటం లేదు. గీతలే అమ్మవారు. గీత ఒక్కటి వెంట్రుకవాసి తప్పినా సంధులు కుదరవు, చక్రం పూజకు పనికిరాదు. అంతటి శ్రద్ధతో గీసినదానిలో గీసినవాని గుర్తు ఎక్కడా ఉండదు.

1949 మార్చి 17వ తేదీన కుంభాభిషేకం జరిగింది. అప్పటికే ఆయన ఎడమచేతిపై వ్రణం లేచి ఫిబ్రవరిలో ఒకసారి శస్త్రచికిత్స అయింది. కుంభాభిషేకానికి ముందటి రాత్రి గర్భాలయంలోకి వెళ్ళి శ్రీచక్రమేరువుపై రెండు చేతులూ ఉంచి కొంతసేపు నిలిచారు. ఉత్సవమయ్యాక ఆ నెల ముగియకముందే రెండవ శస్త్రచికిత్స. ఆలయం ఎదుట కొత్తగా కట్టిన మంటపంలో ఆయనకోసం ఒకే రాతిలో చెక్కిన చక్కని ఆసనం సిద్ధం చేశారు. దానిపై ఆయన కూర్చున్నది కొద్దికాలమే.

ఆ దినాలను మన గుంటూరు సీమ ఆడపడుచు సూరి నాగమ్మగారు 1945 నుండి అన్నగారికి లేఖలుగా వ్రాస్తూ వచ్చారు. వాటిని సంపాదించి చదవండి. తెలుగువారు రమణుల దగ్గర కూర్చున్నట్లు ఉంటుంది. నేను చెప్పినదానికంటె అవి ఎన్నో రెట్లు మేలు.

మొత్తం నాలుగు శస్త్రచికిత్సలు జరిగినా వ్రణం తగ్గలేదు. దర్శనం మాత్రం ఆపనీయలేదు. 1950 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి 8 గంటల 47 నిమిషాలకు భగవాన్ దేహం విడిచారు. చివరి దినాలు గడిపిన చిన్నగదిని ఆశ్రమంవారు అలాగే భద్రపరచారు.

ఇక నా స్వంత సంగతి. నలభై సంవత్సరాల క్రితం ఒక ఆలయానికి మరమ్మతులు జరిగినప్పుడు, అక్కడ జీవితమంతా అర్చన చేసిన మా తండ్రిగారి పేరు శిలాఫలకంపై చెక్కలేదు. దాతల పేర్లే చెక్కారు. ఆయన ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాయి చూసినప్పుడల్లా మనసు కలుక్కుమనేది. ఫలకాలను నిందించడం నా ఉద్దేశం కాదని దాతలు గ్రహించాలి. శాసనాలలో పేర్లు చెక్కించి ఉండకపోతే ఏ మంటపం ఎవరి కాలంనాటిదో, ఏ మాన్యం ఏ దీపానికి ఇచ్చినదో మనకు తెలిసేది కాదు. మాన్యం అన్యాక్రాంతమైనప్పుడు గుడిని కాపాడినది కూడా ఆ అక్షరాలే. మీ పేర్లు ఉండవలసినవే. ఈసారి నా యథాశక్తి విరాళం ఇచ్చి, మా తండ్రిగారి పేరు వ్రాయించవలసిందిగా కార్యనిర్వాహకులను కోరాను. వారు సంతోషంగా అంగీకరించి, పేరు, గోత్రం తప్పులు లేకుండా చీటీపై వ్రాసి ఇమ్మన్నారు. వ్రాశాను.

ఆ వారంలోనే ఈ వ్యాసానికి కూర్చున్నాను. ఉలిపనివారు రెండుసార్లు అడిగారు. కుంభాభిషేకానికి ఇంకా వ్యవధి ఉన్నదని చెప్పి పంపాను. చీటీ నా పంచాంగంలోనే ఉన్నది.